అప్‌డేట్: జాంగో టెంప్లేట్‌లో యూఆర్‌ఎల్ స్లగ్ ఖాళీగా రావడం – పరిష్కారమైంది

జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) లిస్ట్‌వ్యూతో, అంటే జాబితా పేజీల కోసం సిద్ధంగా దొరికే వ్యూతో (వ్యూ అంటే పేజీని తయారుచేసి పంపే కోడ్), నడిచే పేజీ టెంప్లేట్‌లో యూఆర్‌ఎల్‌లోని స్లగ్ (పేజీని గుర్తించే చిన్న పేరు) విలువ ఖాళీగా వస్తోందని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. టెంప్లేట్‌లో 'వ్యూ.క్వార్గ్స్.స్లగ్' (క్వార్గ్స్ అంటే యూఆర్‌ఎల్ నుంచి పేర్లతో అందే విలువలు) అని రాయమన్న సూచన పనిచేసింది. లిస్ట్‌వ్యూ వంటి జాంగో జెనరిక్ వ్యూలు తమను తామే 'వ్యూ' అనే పేరుతో కాంటెక్స్ట్‌లో (టెంప్లేట్‌కు అందే విలువల్లో) ఉంచుతాయి కనుక పైథాన్ కోడ్‌ను ముట్టుకోవలసిన అవసరం రాలేదు. టెంప్లేట్‌వ్యూ యూఆర్‌ఎల్ విలువలను నేరుగా కాంటెక్స్ట్‌లోకి పంపుతుంది, లిస్ట్‌వ్యూ పంపదు. అందుకే టెంప్లేట్‌వ్యూతో నడిచే మరో పేజీలో ఉత్త 'స్లగ్' అని రాస్తే సరిపోయినది ఇక్కడ ఖాళీగా మిగిలింది, పైగా లేని వేరియబుల్‌కు టెంప్లేట్ ఏ ఎర్రరూ చూపకపోవడం వెతుకులాటను మరింత పెంచింది. ఫంక్షన్ వ్యూలు (మామూలు ఫంక్షన్‌గా రాసిన వ్యూలు) కూడా వాడుకునే బేస్ టెంప్లేట్‌లో (పేజీలన్నిటికీ ఉమ్మడి టెంప్లేట్) మాత్రం 'రిక్వెస్ట్.రిజాల్వర్_మ్యాచ్.క్వార్గ్స్.స్లగ్' పెట్టాను, దీనికి సెట్టింగ్స్‌లో రిక్వెస్ట్ కాంటెక్స్ట్ ప్రాసెసర్ (టెంప్లేట్‌లకు 'రిక్వెస్ట్'ను అందించేది) ఉండాలి. సమాధానాల్లో వచ్చిన 'రిక్వెస్ట్.గెట్' సూచన ఈ సమస్యకు సంబంధించినది కాదు, అది యూఆర్‌ఎల్‌లో ప్రశ్నార్థకం తరువాత వచ్చే విలువలను మాత్రమే ఇస్తుంది.