ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ మెట్రో కేసు: గెలిచాక డబ్బు వెనక్కి కట్టమనడం న్యాయమేనా?

పట్టాలబాబు:
2024 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు, 2021లో కంపెనీ వైపు తానే ఇచ్చిన తీర్పును క్యూరేటివ్ పిటిషన్‌లో (రివ్యూ కూడా పోయాక వేసే చివరి పిటిషన్) పక్కన పెట్టింది. ఎయిర్‌పోర్ట్ లైన్ నడిపిన రిలయన్స్ ఇన్‌ఫ్రా అనుబంధ కంపెనీకి ఢిల్లీ మెట్రో 2,782 కోట్లు, పైన వడ్డీ ఇవ్వాలని 2017లో ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ (ఒప్పందం ప్రకారం కోర్టు బయట వివాదం తేల్చే ప్యానెల్) చెప్పింది. ఇప్పుడు అది లేదు పొమ్మన్నారు. అందిన సుమారు 3,300 కోట్లు కూడా తిరిగి కట్టాలట! ఢిల్లీ మెట్రోలో కేంద్రానిది సగం, ఢిల్లీ ప్రభుత్వానిది సగం. సర్కారు మీద గెలిచినా గెలుపు కాదన్నమాట.

గోదారిగట్టు:
అన్నా, అసలు గొడవ ఎక్కడ మొదలైందో చూడు. వంతెన గర్డర్లలో (దూలాల్లో) పగుళ్లు, బేరింగుల్లో లోపాలున్నాయని 2012 జులైలో రైళ్లు ఆపేశారు. లోపాలు సరిచేయమని 90 రోజులు గడువిచ్చి, అక్టోబరులో కంపెనీ ఒప్పందం రద్దు చేసుకుంది. మరి 2013 జనవరిలో భద్రతా కమిషనర్ అనుమతి ఇస్తే అదే కంపెనీ అదే లైన్లో బండ్లు ఎందుకు నడిపింది? జూన్ చివరిదాకా నడిపింది కదా. ఒప్పందంలో గడువులోగా రిపేరు పూర్తవ్వాలనే కాదు, గట్టి చర్యలు మొదలుపెట్టినా చాలని ఉంది. ట్రిబ్యునల్ ఆ మాటను, కమిషనర్ సర్టిఫికెట్‌ను పట్టించుకోలేదు.

పట్టాలబాబు:
ఆ అనుమతి గంటకు 50 కిలోమీటర్ల వేగానికే. దాన్ని ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ అంటారా? సివిల్ పనులు ఢిల్లీ మెట్రోవే, కంపెనీ తప్పేముంది?

గోదారిగట్టు:
నెమ్మదిగానైనా నడిచింది కదా. ఇప్పుడు అదే లైన్లో 120తో పోతున్నాయి.

వాయిదా_సుబ్బారావు:
లోపాల సంగతిలో గోదారిగట్టు గారి వైపే నేను. 2019లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ కూడా ఇదే చెప్పి ట్రిబ్యునల్ అవార్డును (తీర్పును) కొట్టేసింది. నాకు మింగుడుపడనిది సుప్రీంకోర్టు పట్టిన క్యూరేటివ్ దారి. సహజ న్యాయం దెబ్బతిన్నప్పుడో, జడ్జి పక్షపాతమో ఉంటే వాడమని 2002లో సుప్రీంకోర్టే ఇచ్చిన తలుపు ఇది. రివ్యూ కూడా పోయాక దాన్ని తెరిచి, 'ఆర్బిట్రేషన్‌లో నాలుగో, ఐదో అంచెగా వాడొద్దు' అని అదే తీర్పులో రాశారు. పెళ్లి చేసుకుంటూ బ్రహ్మచర్యం గురించి చెప్పినట్టుంది.

పట్టాలబాబు:
అదీ! మరి రేపు ప్రైవేటు వాడు ఎవడొస్తాడు మెట్రో కట్టడానికి? హైదరాబాద్ మెట్రోను కట్టిందీ ప్రైవేటు కంపెనీయే.

వాయిదా_సుబ్బారావు:
రావచ్చు, కానీ ఒప్పందంలో ఆర్బిట్రేషన్ దొరకడం కష్టం. ఆ తీర్పు వచ్చిన రెండు నెలలకే, 2024 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ, మామూలుగా 10 కోట్ల లోపు వివాదాలకే ఆర్బిట్రేషన్ పెట్టుకోమని కేంద్ర శాఖలకు, ప్రభుత్వ సంస్థలకు చెప్పింది. పెద్దవి చాలావరకు మీడియేషనో (రాజీ చర్చలు), కోర్టో. ఇప్పుడు చెప్పండి, ఏ కోర్టులో ఎన్నేళ్లు?