అమ్మ వద్దంటున్నా ఆమె జబ్బు సంగతి బంధువులకు చెప్పవచ్చా?

రాజమండ్రి అమ్మాయి:
అమ్మకు రొమ్ము క్యాన్సర్. హైదరాబాదులో కీమోథెరపీ మొదలైంది, 21 రోజులకు ఒకసారి వెళ్లాలి. నాన్న లేరు. తమ్ముడు బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరాడు, సెలవులు దొరకవు. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. పిన్నులు, మేనమామలు ఉన్నారు, కబురందితే పరుగెత్తుకొస్తారు. అమ్మ మాత్రం ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. చెప్పాలనే నా మనసుకు తోస్తోంది. జబ్బు అమ్మది, చాకిరీ మాత్రం ఇంటిల్లిపాదిదీ. మీరేమంటారు?

వరంగల్ మాస్టారు:
చెప్పండమ్మా. మా అన్నయ్యకు రక్త క్యాన్సర్ అని తెలిసిన రోజే అందరికీ చెప్పాం. ఆయనకు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) ఎక్కించాల్సి వచ్చేది. అవి 5 రోజులకు మించి నిల్వ ఉండవు కనుక ముందే తెచ్చి పెట్టుకోవడం కుదరదు. అవసరం పడిన రోజున మనిషి రావాలి. మిషన్‌తో ప్లేట్‌లెట్లు మాత్రమే తీసుకుని మిగతా రక్తం దాతకే తిరిగి ఎక్కిస్తారు, అందువల్ల 48 గంటలు గడిస్తే అదే మనిషి మళ్లీ ఇవ్వవచ్చు. వారానికి రెండుసార్లు మించకూడదు. నా పాత విద్యార్థులు వంతులు వేసుకుని వచ్చారు. గుట్టుగా ఉండి ఉంటే వాళ్లకు ఎలా తెలిసేది?

చికిత్సలో ఉన్న గుంటూరు గృహిణి:
మాస్టారూ, మీ అన్నగారికి దాతలు కావలసి వచ్చింది. ఈ అమ్మాయి వాళ్ల అమ్మకు కావలసింది వేరు. నాదీ ఆవిడ జబ్బే, నేనూ చెప్పవద్దనే అన్నాను. కారణాలు రాస్తాను.

మాకు పెళ్లికి ఎదిగిన అమ్మాయి ఉంది. తల్లికి రొమ్ము క్యాన్సర్ అంటే కూతురికీ వస్తుందని సంబంధాలవాళ్లు వెనక్కి తగ్గుతారు. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమేనని డాక్టరు చెప్పారు. పెళ్లిచూపుల్లో ఆ లెక్క ఎవరు వింటారు? నేను వద్దన్నా మాట బయటికి పొక్కింది, ఇక పరామర్శలు. మా ఆడపడుచు వరుసావిడ నా మంచం పక్కనే కూర్చుని, తన తోడికోడలు ఇదే జబ్బుతో ఎలా పోయిందో మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఇంకొకరు నేను తాగిన గ్లాసును విడిగా పెట్టారు. ఇది అంటుకునే జబ్బు కాదని తెలిసినవాళ్లే! వచ్చినవాళ్లకు కాఫీ ఇవ్వడానికి వాంతులతో పడుకున్న నేనే లేచాను. ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది మీ అమ్మగారి ఇష్టం. జుట్టు ఊడిపోయింది, రొమ్ము తీసేయవచ్చని అంటున్నారు, ఒంటి మీద ఏదీ తన చేతిలో లేదు. కనీసం మాటైనా ఆవిడ చేతిలో ఉండనివ్వండి.

విశాఖ నర్సు:
బంధువులు వచ్చినా రాకపోయినా ఇవి గుర్తుంచుకోండి. కీమో ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జలుబు, దగ్గు ఉన్నవాళ్లెవరినీ గదిలోకి రానివ్వకండి, ఎంత దగ్గరివాళ్లయినా సరే. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎవరో ప్రేమతో తెచ్చిన కషాయాలు, ఆకు పసర్లు డాక్టరును అడగకుండా తాగించవద్దు, కొన్ని మందులతో పొసగవు.

ఇంకొకటి. రాజమండ్రికి హైదరాబాదు కంటే విశాఖ దగ్గర. ఇక్కడ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మిగిలిన కీమో ఇక్కడ తీసుకోవచ్చునేమో మీ డాక్టరునే అడగండి. ప్రయాణం తగ్గితే సాయానికి మనుషులూ తక్కువే కావాలి.

డాలస్ తెలుగువాడు:
మా నాన్నగారి చికిత్సప్పుడు కుటుంబమంతటికీ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. ఎవరు తోడు వెళ్తారు, ఎవరు వండి పంపుతారు అన్నీ అందులోనే. దూరంగా ఉన్న నాకు అదే ఆధారం. ఆరోగ్యశ్రీలో చికిత్స జరిగినా దారిఖర్చులు, గది అద్దెలు మన మీదే పడతాయి. అవసరమైతే ఫొటోతో సహా అందరినీ డబ్బు అడగండి.

చికిత్సలో ఉన్న గుంటూరు గృహిణి:
ఫొటో మాత్రం వద్దు బాబూ. గుండుతో, సెలైన్ సూదితో ఉన్న మనిషి బొమ్మ ఒకసారి బయటికి వెళ్తే వెనక్కి రాదు. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టిక్కెట్టు పూర్తిగా ఉచితం, తోడువెళ్లేవారికి మూడు వంతుల రాయితీ. ముందు అవి వాడుకోండి.

రాజమండ్రి అమ్మాయి:
అందరికీ నమస్కారాలు. అమ్మ మాట దాటి అందరికీ చెప్పే ఆలోచన మానుకున్నాను. అయినా గుంటూరు అమ్మగారితో ఒక విషయంలో ఏకీభవించలేను. జబ్బు ఆవిడదే, అలసట నాది. రాత్రంతా మేలుకుని పొద్దున పిల్లలను బడికి పంపే మనిషి ఒక్కరి దగ్గరైనా ఏడవడానికి కూడా అనుమతి అడగాలా? అందుకని అమ్మనే ఒక పేరు చెప్పమంటాను. చిన్నపిన్ని అంటుందనుకుంటున్నాను, తను మాట బయట పెట్టదు. వచ్చేవాళ్లను ఆపడం, ఫోన్లకు జవాబివ్వడం పిన్నికి అప్పగిస్తే అమ్మకూ నాకూ ఊపిరాడుతుంది.

చికిత్సలో ఉన్న గుంటూరు గృహిణి:
ఏడవడానికి అనుమతి అక్కర్లేదు తల్లీ, అది నేను ఆలోచించని మాట. పిన్నిగారి సంగతి మాత్రం కీమో ఎక్కించిన వారంలో అడగకండి, ఆ వారం ఏది అడిగినా వద్దనే అంటాం. తరవాతి కీమోకు రెండు మూడు రోజుల ముందు కాస్త ఆకలి పుడుతుంది, అప్పుడు అడగండి.