అంబాసిడర్ తలుపు రబ్బరుకి ఏ జిగురు? సన్‌మైకా జిగురా, నల్ల ట్యూబా, అసలు జిగురే వద్దా?

నాగావళి_మార్క్4
శ్రీకాకుళం. 1986 అంబాసిడర్, మార్క్ 4. నాలుగు తలుపులకీ కొత్త స్పాంజి రబ్బరు వేస్తే రెండు వారాలకే వెనక తలుపుల పైమూలలు ఊడి వేలాడుతున్నాయి. వేసింది కార్పెంటర్లు సన్‌మైకాకి వాడే పసుపు రబ్బరు జిగురు. ఒకరు సిలికాన్ అంటారు, ఇంకొకరు ఫెవిక్విక్ చాలంటారు. ఏది కొనాలి?

బొబ్బిలి_టింకరు
సిలికాన్ జోలికి పోకండి. వెనిగర్ వాసనొచ్చే రకం ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదులుతుంది, పెయింట్ లేచిన చోట రేకుని తినేస్తుంది. అసలు తంటా తర్వాత ఉంది. సిలికాన్ తగిలిన రేకు మీద మళ్ళీ పెయింట్ కొడితే ఫిష్ ఐలు (పెయింట్ నిలవక పడే చిన్న గుంటలు) పడతాయి, ఆ సిలికాన్ ఎంత తుడిచినా పోదు. ఫెవిక్విక్ గాజులా బిగుసుకుంటుంది, తలుపు ధడేల్‌మన్నప్పుడల్లా పగులుతుంది. సన్‌మైకా జిగురే కరెక్టు. తేడా వేసిన తీరులో ఉంది.

కళింగపట్నం_గాలి
మాస్టారితో సగమే ఒప్పుకుంటాను. జిగురు మార్చే ముందు ఊడిన ముక్క వెనక్కి తిప్పి చూడండి. పెయింట్ పెచ్చు రబ్బరుకి అంటుకుని వచ్చిందా? అయితే కింద తుప్పు, ఏ జిగురూ ఆపలేదు. జిగురంతా రేకు మీదే ఉండిపోయి రబ్బరు నున్నగా వచ్చిందా? రబ్బరే జిగురుని పట్టలేదు. రెండు వైపులా జిగురుండి మధ్యలో విడిపోయిందా? బాగా ఆరిపోయాక అంటించారు, లేదా తేమ పట్టింది.

నాగావళి_మార్క్4
మూలల్లో రేకు మీదే పసుపు పొర ఉంది, రబ్బరు నున్నగా ఉంది. ముందు తలుపు కింద ఒక్కచోట పెయింట్ పెచ్చు వచ్చింది.

కళింగపట్నం_గాలి
అయితే అది ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు కావచ్చు. ఎండకీ వానకీ బాగా ఆగుతుంది గానీ జిగురు పట్టడంలో మహా మొండి. తేల్చుకోడానికి రాగి తీగ పరీక్ష చెయ్యండి. తీగని గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చి, రబ్బరు ముక్కకి అద్ది, కాస్త రబ్బరు అంటుకున్నాక మళ్ళీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టు, అంటే నియోప్రిన్ (ఇంకో రకం సింథటిక్ రబ్బరు) లాంటిది, పసుపు జిగురు హాయిగా పడుతుంది. ఆకుపచ్చ రాకపోతే క్లోరిన్ లేనట్టు, ఈపీడీఎం కావచ్చు. ఆరుబయట చెయ్యండి, పొగ పీల్చొద్దు.

చీపురుపల్లి_స్పేనర్
ఇంత గొడవెందుకండీ? లోపల స్టీలు ఉండి రేకు అంచుకి బిగించే బీడింగ్ దొరుకుతుంది. జిగురు అక్కర్లేదు.

బొబ్బిలి_టింకరు
పాత బండి అంచు ఎక్కడా ఒకే మందంలో ఉండదు స్పేనర్ గారూ. తుప్పు ఉబ్బిన చోట ఎక్కదు, టింకరింగ్‌లో కొట్టి పలచబడ్డ చోట వదులైపోతుంది. పైగా సముద్రపు గాలికి ఆ లోపలి స్టీలే ముందు తుప్పుపడుతుంది. ముందు అద్దం రబ్బరుకైతే మీ మాటే రైటు, అక్కడ జిగురు పూస్తే రేపు అద్దం తీసేటప్పుడు పగిలి చేతికొస్తుంది. సబ్బునీళ్ళు, నైలాన్ తాడుతోనే ఎక్కించాలి. కారుతుంటే రబ్బరు బయటి పెదవి కింద గట్టిపడని నల్ల మాస్టిక్ (సందులు మూసే మెత్తటి పేస్టు) పెట్టుకోవాలి.

కళింగపట్నం_గాలి
అద్దం సంగతి నిజం. తలుపులకి నా ఓటు నల్ల వెదర్‌స్ట్రిప్ (తలుపు రబ్బరు) జిగురు ట్యూబుకే. అది ఇలాంటి రబ్బరు కోసమే చేసింది, పక్కకి కారినా నల్ల రబ్బరు మీద కనబడదు.

బొబ్బిలి_టింకరు
ట్యూబులోనూ ద్రావకమే, డబ్బాలోనూ ద్రావకమే. రబ్బరు వెనక వైపు 180 నంబరు ఎమరీ కాగితంతో నునుపు పోయేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే నా పసుపు జిగురూ మెరుగ్గా పడుతుంది. కొత్త రబ్బరు మీద అచ్చులోంచి వచ్చిన నూనె పొర, పౌడరు ఉంటాయి. అవి తియ్యకుండా ఏది పూసినా ఊడేదే.

వేసే పద్ధతి: రెండు వైపులా పలచగా ఒక కోటు, ఆరాక రెండోది. పది పదిహేను నిమిషాలు ఆగి వేలి వెనక వైపుతో తాకండి. అతుక్కున్నట్టుండి తీగ సాగకూడదు. అప్పుడు గట్టిగా నొక్కాలి. 12 మి.మీ. వెడల్పు రబ్బరుకైతే నాలుగు తలుపులకీ 200 మి.లీ. డబ్బా సరిపోతుంది.

కళింగపట్నం_గాలి
ఆ పది పదిహేను నిమిషాలు మన వైపు ముసురు రోజుల్లో పనికిరావు. ద్రావకం ఆవిరవుతుంటే జిగురు పైపొర చల్లబడి గాలిలో తేమ దాని మీదే పడుతుంది, లేత తెల్లగా మబ్బు కమ్మినట్టు అవుతుంది. దాని మీద అంటిస్తే అంటినట్టే ఉండి తర్వాత వదిలేస్తుంది. అక్టోబరు ముసుర్లో పెట్టుకోకుండా, పొడి ఎండ కాసే రోజు మధ్యాహ్నం నీడలో చెయ్యండి.

బొబ్బిలి_టింకరు
అది నిజమే, ఒప్పుకుంటున్నా. పైమూలలే ఊడాయంటే ఇంకో అనుమానం. రబ్బరు సాగదీసి వేశారేమో. సాగినది వెనక్కి లాక్కుంటుంది, ఆ బలమంతా మూల మీదే పడుతుంది. సాగదీయకండి, ఒకటిన్నర సెంటీమీటరు ఎక్కువ ఉంచి కోసి, ఆ ఎక్కువని లోపలికి నెట్టుకుంటూ అంటించండి. అతుకు తలుపు కింది వైపు రావాలి. ఆ రెండు కొసలు కలపడానికి మాత్రం ఫెవిక్విక్ ఒక చుక్క వాడుకోవచ్చు.

చీపురుపల్లి_స్పేనర్
రబ్బరు మందం ఎవరూ అడగలేదు. తలుపు గట్టిగా కొడితేగాని పడకపోతే ఏ జిగురైనా నలుగుతుంది. చపాతీ పిండి ముద్దలు పాలిథీన్‌లో చుట్టి నాలుగైదు చోట్ల పెట్టి తలుపు వేసి తీయండి. ముద్ద 8 మి.మీ.కి నలిగితే 12 మి.మీ. స్పాంజి సరి. 15 ది తెస్తే తలుపు లాక్ పడదు.

నాగావళి_మార్క్4
తీగ మంట ఆకుపచ్చగా రాలేదు. ముద్ద ముందు తలుపులకి 8, వెనక పైమూలల్లో 5. రబ్బరు అన్ని చోట్లా 12 దే.

బొబ్బిలి_టింకరు
ఐదు దగ్గర పన్నెండుది నలిపితే ఇంకెక్కడ నిలుస్తుంది! ముందు వెనక తలుపు కీళ్ళు చూడండి, తలుపు పైన లోపలికి వాలి ఉంటుంది. అది సర్దాకే జిగురు. ఈలోగా పాత పసుపు పొర ప్లాస్టిక్ కార్డుతో గీకండి. థిన్నర్ పోస్తే పెయింట్ ముడుచుకుంటుంది, టర్పెంటైన్ గుడ్డతో నానబెట్టి తీసి చివర ఆల్కహాల్‌తో తుడవండి. పెచ్చు లేచిన చోట తుప్పు గీకి ప్రైమర్ కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి.

కళింగపట్నం_గాలి
అంటించాక రబ్బరు బయటి ముఖానికి టాల్కం పౌడరు రాసి తలుపు మెల్లగా వేసి ఉంచండి, 24 గంటలు తెరవొద్దు. పౌడరు రాయకపోతే కారిన జిగురు తలుపుకీ అంటుకుని, తెరిచినప్పుడు రబ్బరు దానితోనే వచ్చేస్తుంది.