మోర్వీ కూపనుపై టేపు జిగురు ఎలా తీయాలి?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో చిల్లర నాణేలకు కరువొచ్చి, గుజరాత్‌లోని కాఠియావాడ్ ప్రాంతపు చిన్న సంస్థానం మోర్వీ కూడా చిల్లరకు బదులు వాడే నగదు కూపన్లు జారీ చేసింది. అలాంటిదొకటి నా దగ్గరుంది. పల్చని అట్టముక్క. ఎవరో పాత ఆల్బంలో టేపుతో అతికించారు; జిగురు పసుపెక్కి అట్టలోకి ఇంకింది.

హెయిర్ డ్రయ్యర్‌తో తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి 3 నిమిషాలు కాక పట్టాను. టేపు ఊడింది, జిగురు మిగిలింది. మెత్తని రబ్బరుతో మూలన రుద్దితే అట్ట పైపొర నూగులా లేచింది, వెంటనే ఆపేశాను. కూపనుపై ఉన్న సిరా ముద్ర అంచున తడి దూది ఆనిస్తే ఊదారంగు దూదికి అంటింది, కాబట్టి నీళ్లు పనికిరావు. ఇది పాడైతే ఇంకొకటి దొరకడం కష్టం.

ముద్ర సిరా కరగకుండా ఈ జిగురును మాత్రమే తీసే ద్రావకం ఏది?