అమెజాన్ అడవి నడుమ మనౌస్ నగరం ఎలా నిలబడింది?

ప్రశ్న
బ్రెజిల్ పటంలో అమెజానాస్ రాష్ట్రాన్ని చూస్తే, అట్లాంటిక్ తీరానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా లోపల, చుట్టూ అడవి తప్ప మరేదీ కనబడని చోట మనౌస్ ఉంది. 2022 జనగణన ప్రకారం అక్కడి జనాభా 20 లక్షలు దాటింది. ఇంతమందికి అక్కడ జీవనాధారం ఏమిటి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1
దీనికి మూలం నదేనండి. రియో నెగ్రో నల్లని నీరు, సోలిమోయిస్ (అమెజాన్ ఎగువ భాగానికి బ్రెజిల్‌లో పేరు) బురద నీరు కలిసే చోటుకు కాస్త ఎగువన, నెగ్రో ఎడమ గట్టున, 1669లో పోర్చుగీసువారు కట్టిన కోట చుట్టూ ఊరు పెరిగింది. సముద్రపు ఓడలు నేరుగా ఇక్కడిదాకా రాగలవు కనుకనే, పంతొమ్మిదో శతాబ్దం చివర అడవిలోని రబ్బరు పాలంతా ఈ రేవు మీదుగా ప్రపంచానికి వెళ్లింది. 1896లో ప్రారంభమైన అమెజానాస్ నాటకశాల ఆ సంపదకు గుర్తు. అయితే ఆ సంపద వెనుక, అప్పుల ఉచ్చులో చిక్కి అడవిలో పాలు గీసిన కూలీల బతుకులున్నాయన్న సంగతిని విస్మరించి ఆ భవనాన్ని పొగడటం న్యాయం కాదు. 1876లో ఆంగ్లేయుడు హెన్రీ విక్హామ్ ఇంగ్లండుకు తరలించిన రబ్బరు విత్తనాల సంతతి మలయా, సిలోన్ తోటల్లో పాలివ్వడం మొదలయ్యాక ధరలు కూలి, నగరం దశాబ్దాల పాటు చితికిపోయింది.

జవాబు 2
పై జవాబుకు చిన్న చేర్పు. రబ్బరు చరిత్ర నేటి జనాభాకు కారణం చెప్పదు. 1970లో కూడా అక్కడ ఉన్నది సుమారు 3 లక్షల మందే. అసలు మలుపు 1967లో సైనిక ప్రభుత్వం పన్ను రాయితీలతో ఏర్పాటు చేసిన స్వేచ్ఛా వాణిజ్య మండలం. బ్రెజిల్‌లో అమ్ముడయ్యే టీవీలు, మోటారు సైకిళ్లలో అత్యధిక భాగం ఇక్కడి కర్మాగారాల్లోనే తయారవుతుంది. ఉపాధి నగరంలోనే దొరకడం వల్ల అడవిపై ఒత్తిడి తగ్గిందనే వాదనలో కొంత బలముంది. కానీ పని కోసం వచ్చినవారికి ఇళ్లు సమకూరక, ఇగరాపేలనే వాగుల మీద గుంజలు పాతి ఇళ్లు కట్టుకోవలసి వచ్చింది. ఆ వాగులు మురికి కాలువలయ్యాయి. నా దృష్టిలో ఇదే ఆ నగరపు అతి పెద్ద వైఫల్యం.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి ఆ సరుకు దక్షిణానికి రోడ్డు మీద వెళ్తుందా?

జవాబు 3
ఎక్కువగా వెళ్లదండి. ఉత్తరాన బోవా విస్తా వైపు మంచి రోడ్డు ఉంది. దక్షిణాన పోర్తో వెల్యోకు 1970లలో వేసిన బీఆర్-319 రహదారి మధ్య భాగం పాడైపోయి, వానాకాలంలో బురదమయమవుతుంది. దాన్ని బాగుచేస్తే అడవి నరికివేత పెరుగుతుందన్న భయం వల్ల వివాదం తెగడం లేదు. అందుచేత లారీ పెట్టెలను బల్లకట్లపై అమెజాన్ ముఖద్వారం దగ్గరి బెలేమ్ రేవు నగరానికి చేర్చి, అక్కడినుంచి రోడ్డెక్కిస్తారు. 2021లో 30 మీటర్లు దాటిన నెగ్రో నీటిమట్టం 2023, 2024 కరువుల్లో 13 మీటర్ల కంటే తక్కువకు పడిపోయినప్పుడు, పెద్ద ఓడలు నగరందాకా రాలేకపోయాయి. 2024లో దిగువనున్న ఇటకోచియారా వద్ద తాత్కాలికంగా తేలే రేవులు ఏర్పాటు చేసి, సరుకును అక్కడే చిన్న పడవల్లోకి మార్చారు.