చిన్నపిల్లలకి పాటలో సంతోషం, బాధ ఎలా వినిపించాలి?

గజపతినగరం టీచర్:

నమస్తే అండి. గజపతినగరం దగ్గర ఒక స్కూల్లో యూకేజీకి చెప్తాను, 22 మంది పిల్లలు. నాకు సంగీతం రాదు, పాడటం ఇష్టం. నెలరోజులుగా చివరి పీరియడ్‌లో ఫోన్‌లో ఏదో ఒక వాయిద్యం పెట్టి, "ఇది సంతోషమా, బాధా?" అని అడుగుతున్నాను. ముందు బెంచీ పాప ఏది చెబితే అందరిదీ అదే మాట.

మొన్న డప్పు వినిపించాను. ఒక బాబు "ఏడుపు" అన్నాడు. "కాదు నాన్నా, డప్పంటే పండగ కదా" అనేశాను. వాడు మళ్ళీ నోరు విప్పలేదు. సాయంత్రం వాళ్ళమ్మ చెప్పింది, సంక్రాంతి ముందు వాళ్ళ తాతయ్య పోయారట, డప్పులతోనే తీసుకెళ్ళారట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడితో మళ్ళీ ఎలా మాట కలపను? ఈ క్లాసు ఎలా నడపను?

వీణ పాఠాలు, విజయనగరం:

టీచర్ గారూ, నేను మన విజయనగరం సంగీత కళాశాలలో చదివాను. 1919లో దానికి మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథలో భావం ఒక్క గొంతులోనే ఉండదు. గజ్జెలు, చిడతలు, వేసే అడుగు, అన్నీ చెప్తాయి. మీ పిల్లలకీ అదే దారి పట్టండి. పేరు చెప్పమనకండి, పాట ఎలా ఉంటే అలా నడవమనండి. కళ్ళు మూసుకుని వింటే ముందు బెంచీ పాపని చూసి చెప్పడం కూడా తగ్గుతుంది.

పిల్లల కీబోర్డు ఉంటే ఒకటి చేసి చూడండి. సి మెట్టుని షడ్జమం, అంటే 'స' అనుకుని సి, డి, ఇ, జి, ఎ వాయించండి. అన్నీ తెల్ల మెట్లే, అది మోహన రాగం. ఇప్పుడు ఇ వదిలేసి దాని ఎడమ పక్కనున్న నల్ల మెట్టు నొక్కండి. శివరంజని రాగం అయిపోతుంది. మారింది ఒక్క గాంధారమే, అంటే 'గ', కానీ గది గదంతా మారిపోతుంది. వేగం మాత్రం మార్చకండి. ఈ వయసులో చెవి ముందు వేగాన్నే పట్టుకుంటుంది, గబగబా ఉంటే సంతోషం, మెల్లగా ఉంటే బాధ అనేస్తారు. అది విడిపించాలంటే మధ్యలో ఒక జోల పాడండి. మెల్లగానే ఉంటుంది, బాధ ఉండదు.

పాలకొండ నాన్న:

మేడమ్, మీరు రెండే పెట్టారు, సంతోషం, బాధ. మరి భయం? మావాడికి నాలుగేళ్ళు. ఊళ్ళో తప్పెటగుళ్ళు ఆడుతున్నారు. గుండెల మీద రేకు తప్పెటలు, కాళ్ళకి గజ్జెలు, ఎగిరెగిరి ఆడుతుంటే మాకందరికీ ఒళ్ళు ఊగిపోతోంది. వాడు మాత్రం నా కాళ్ళ మధ్య దూరిపోయాడు. ఇంటికొచ్చాక ఎత్తుకుని నా ఛాతీ మీద అదే దరువు వేళ్ళతో మెల్లగా వేశాను. మూడోరోజు వాడే నా ఛాతీ మీద వాయించడం మొదలెట్టాడు. ఆ బాబుని వాయించనివ్వండి.

గజపతినగరం టీచర్:

వారం ఆగి రాస్తున్నాను. బాబు పక్కన కూర్చుని, "నువ్వు చెప్పిందే కరెక్టు నాన్నా, నాకే తెలీలేదు" అన్నాను. ఏమీ అనలేదు. మర్నాడు నేను అడక్కుండానే టిఫిన్ డబ్బా మూత బోర్లించి, రెండు వేళ్ళతో కొట్టి "ఇది తాతయ్యది" అన్నాడు. కాసేపాగి, చెయ్యంతా పెట్టి గట్టిగా కొట్టి "ఇది అమ్మోరి పండగది" అన్నాడు. నా చెవికి రెండూ ఇంచుమించు ఒకే దరువు. వాడి ముఖం మాత్రం ఒకటి కాదు.

కీబోర్డు మా అక్క కొడుకుది తెచ్చాను. నల్ల మెట్టు దగ్గరికి వచ్చేసరికి ముందు బెంచీ పాప నడక ఆపేసి, "టీచర్, అమ్మ బస్సెక్కేసింది" అంది. మిగతా పిల్లలు ఆ మాట అందుకోలేదు, ఎవరి నడక వాళ్ళు నడిచారు. రేపు జోల పాడతాను.