క్యాజువాలిటీలో కొత్త: చేతుల వణుకు ఎప్పటికి పోతుంది?

కొత్త సిస్టర్, గుంటూరు:
అక్కలూ, జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు అయ్యాక గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరాను. వార్డులో వేస్తారనుకుంటే క్యాజువాలిటీలో వేశారు. ఐదు వారాలైంది. మొన్న నైట్ డ్యూటీలో, మిర్చి చేనుకి తెచ్చిన పురుగుమందు తాగిన ఒకాయన్ని తీసుకొచ్చారు. నోట్లో నురగ, గదంతా ఆ మందు కంపు. డాక్టర్ గారు ‘అట్రోపిన్’ అని అరిచారు, అదే దానికిచ్చే విరుగుడు ఇంజెక్షన్. ఎమర్జెన్సీ మందుల ట్రాలీలో మూడు అరలు లాగాను, కనపడలేదు. చివరికి వార్డు బాయ్ వచ్చి పై అరలోంచే తీసిచ్చాడు. నరంలోకి మందు ఎక్కించే కాన్యులా రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. ‘ఈ పిల్లకేం రాదు, పెద్ద సిస్టర్ని పిలవండి’ అని పేషెంట్ బావమరిది గొడవ. పేషెంట్‌ని ఐసీయూకి పంపేశాం గానీ, అప్పట్నుంచి అంబులెన్స్ సైరన్ వింటే నా చేతులు వణుకుతున్నాయి. వార్డుకి మార్చమని అడగనా?

బెజవాడ అక్క, 14 ఏళ్లుగా ఇదే పని:
మార్చడం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ట్రాలీ సంగతి చూడమ్మా. రేపట్నుంచి డ్యూటీకి ఇరవై నిమిషాలు ముందే వెళ్లి, ప్రతి అరా తెరిచి, చేత్తో ముట్టుకుని, ఆంపుల్స్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసాలు) లెక్కపెట్టు. కళ్లతో చూస్తే గుర్తుండదు. నేను ఇప్పటికీ చేస్తాను, మా పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

ఇలాంటి పురుగుమందు కేసులో అట్రోపిన్ ఒకటీ రెండుతో ఆగదు. ఒక్కో ఆంపుల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములే. ఐదేసి నిమిషాలకి డోసు రెట్టింపు చేయమంటారు, పగలగొడుతూనే ఉండాలి. ఖాళీవి పారేయకు, కిడ్నీ ట్రేలో వేస్తూ పో. గొడవ సద్దుమణిగాక అవి లెక్కపెడితే ఎంత ఇచ్చామో ఛార్టులో కరెక్టుగా పడుతుంది. డాక్టర్ గారు చెప్పిన డోసు గట్టిగా తిరిగి చెప్పి అప్పుడు ఎక్కించు. గ్లౌజులు లేకుండా ఆ బట్టలు ముట్టుకోకు, ఆ మందు చర్మం గుండా కూడా ఎక్కుతుంది. బట్టలు కత్తిరించి తీసేసి, ఒళ్లంతా సబ్బునీళ్లతో కడగాలి. కనుపాప పెద్దదైందని సంబరపడొద్దు. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా, నాడి 80 దాటిందా, బీపీ నిలబడిందా, అవీ చూడాల్సినవి.

నరం అంటావా, షాక్‌లో ఉన్నవాళ్లకి అది ఎవరికైనా దాక్కుంటుంది. రెండుసార్లు గుచ్చావుగా, మూడోది పక్క సిస్టర్‌కి వదిలెయ్.

నా సంగతీ ఒకటి చెప్తా. మొదటి ఏడాది, తెల్లవారుజామున ఒక లంక గ్రామం నుంచి కడుపునొప్పి అని ఒకావిడ వచ్చింది. గ్యాస్ అని రాసేసుకున్నా. పావుగంటకి ఆమె కనురెప్పలు వాలిపోతుంటే నిద్రమత్తు అనుకున్నా. డాక్టర్ గారు చూసి, ‘రాత్రి ఎక్కడ పడుకున్నావమ్మా?’ అని అడిగారు. నేలమీద. కట్లపాము. కాటు గుర్తు ఎక్కడా లేదు, నొప్పి లేదు, వాపు లేదు. ఆ రోజు నుంచి తెల్లారేసరికి కడుపునొప్పితో ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఆ ప్రశ్నే.

108 టెక్నీషియన్:
మా వైపు నుంచి ఒక మాట సిస్టర్. స్ట్రెచర్ లాక్కుని పరిగెత్తే ముందు అర నిమిషం మేం చెప్పేది వినండి: ఏ మందు, ఎంత, ఎన్నింటికి, దారిలో మేం ఏం ఇచ్చాం. మందు డబ్బా కవర్లో పెట్టి తెస్తాం. లేబుల్ చూస్తేనే డాక్టర్లకి ఏ రకమో తెలిసేది. ఎవరూ అడక్క అది చాలాసార్లు మా బండిలోనే ఉండిపోతుంది.

డయాలిసిస్ సిస్టర్, తెనాలి:
అందరూ ఉండిపోమంటారు, నేను అలా చెప్పను. ఎనిమిది నెలలు చేసి వదిలేశాను, ఇప్పుడు హాయిగా అన్నం తింటున్నా. కాకపోతే ఐదు వారాలకే మాత్రం అడగొద్దు. నీకు పని రాలేదా, పడలేదా అన్నది అప్పుడే తేలదు.

కొత్త సిస్టర్, గుంటూరు:
అక్కా, ఇవాళ ముందే వెళ్లి ట్రాలీ మొత్తం తీశాను. అట్రోపిన్ పై అరలో, కుడి మూల, అడ్రినలిన్ పక్కనే. గొంతులో గొట్టం వేసేటప్పుడు లోపల చూసే లారింగోస్కోప్ బల్బు వెలగట్లేదు, ఎన్నాళ్లయిందో మరి. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పి సెల్స్ మార్పించాను. ‘ఎవరు చూశారే?’ అంది. కాన్యులా మాత్రం ఇవాళా ఒకటి పోయింది.